సబ్బు మీద వేసిన నింద

నేనెప్పుడూ తాగలేదు. చలి పట్టకుండా కొంచెం పుచ్చుకునేదాన్ని, అంతే. అలా ముప్పై ఏళ్ళు పుచ్చుకున్నాను. కన్నడ సీమలోని మా తెక్కలకోటలో చలి ఎక్కడిదని మీకు అనుమానం రావచ్చు. మధ్యాహ్నం గోడకు ఆనుకుంటే వీపు కాలే ఊరు మాది. అటువంటి ఊళ్ళో ఏడాది పొడుగునా చలికి భయపడుతూ బతికినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నా పని పసిబిడ్డలకు, బాలింతలకు నీళ్ళు పోయడం. ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డ ఇంటికి చేరగానే నాకు కబురు వస్తుంది. పొద్దున్నే వెళ్ళేసరికి పెద్ద కాగులో నీళ్ళు కాగుతుంటాయి. నేను పీట మీద కూర్చుని రెండు కాళ్ళూ చాపి, బిడ్డను నా కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, ఆముదం రాసి, రుద్ది, నీళ్ళు పోస్తాను. తర్వాత తల్లికి. ఇద్దరి స్నానాలూ అయ్యేసరికి నడుము నుంచి కిందికి నేను తడిసి ముద్దయి ఉంటాను.

అందుకే మా వైపు ఒక ఆచారం ఉంది. బాలింత ఉన్న ఇంట్లో ఒక బ్రాందీ సీసా తెచ్చి పెడతారు. ఒళ్ళు గట్టిపడుతుందని తల్లికి ఒక చెంచా. జలుబు చేయకుండా బిడ్డ నాలుకకు వేలితో ఒక చుక్క. నీళ్ళలో నానిన మనిషి కదా అని, నీళ్ళు పోసిన అవ్వకు ఒక చిన్న గ్లాసు. ఈ ఆచారం పెట్టింది ఎవరో నాకు తెలియదు గానీ, ఆమె మాత్రం తప్పకుండా నీళ్ళు పోసే అవ్వే అయి ఉంటుంది. ఆ సీసా నలభై రోజులు రావాలి. నేను వెళ్ళిన ఇళ్ళలో తొట్టెలో వేసే రోజు దాకా కూడా వచ్చేది కాదు. "బాలింతకు బాగా పట్టిందమ్మా, ఇంకొకటి తెప్పించండి" అనేదాన్ని. పాపం, తెప్పించేవాళ్ళు.

కాన్పు లేని నెలల్లో సీసా ఉండదు. కానీ ఊళ్ళో కాన్పులు లేవని నా ఒంటికి తెలియదు కదా. సాయంత్రమయ్యేసరికి దానికి చలి వేసేది. మా వీధి అంగడామె బొరుగుల మూట కింద నైంటీ మందు ప్యాకెట్లు దాచి అమ్మేది. మొదట ఒకటి, పోనుపోను రెండు. కొంగు చాటున రెండు వేళ్ళు చూపిస్తే చాలు, ఆమెకు అర్థమయ్యేది. "మా ఆయప్పకు" అనేదాన్ని.

మా ఆయన బియ్యం మిల్లులో హమాలీ. జీవితమంతా వీపున మూటలు మోశాడు. సారాయి కాదు కదా, చిక్కటి టీ తాగినా గుండె దడదడలాడుతుందనే మనిషి. ఆయన పేరు మీద నేను రోజూ రెండు ప్యాకెట్లు తెచ్చుకునేదాన్ని. వీధిలో ఆడవాళ్ళు నన్ను చూసి జాలిపడేవాళ్ళు. "ఎట్ల ఏగుతాండావో అక్కా, అట్లాంటోనితో" అనేవాళ్ళు. నేను పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపేదాన్ని. వాళ్ళు దాన్ని దుఃఖం అనుకున్నారు. వాసన రాకుండా పెట్టుకున్న అడ్డం అది.

మా ఊరికి కాస్త దూరంలో, కాలువ పక్కన, కోస్తా నుంచి వచ్చి వరి పండించుకునేవాళ్ళ క్యాంపు ఉంది. అక్కడ ఒక ఇంటి కోడలికి తల్లి లేదు. అందుకని రెండు కాన్పులూ అత్తగారింట్లోనే జరిగాయి. మొదటి కాన్పుకు నీళ్ళు పోయడానికి వెళ్ళేనాటికి నాకు యాభై దాటాయి, వేలిముద్ర తప్ప ఇంకేమీ రాదు. అంతకు ముందు ఊళ్ళో పెద్దవాళ్ళకని సాయంత్రం బడి పెట్టి కన్నడ అక్షరాలు నేర్పారు. వారం రోజులు పోయి మానేశాను. సాయంత్రాలు నాకు వేరే పని ఉండేది.

ఆ క్యాంపు కోడలు నేను పొయ్యి ముందు ఊరికే కూర్చోవడం చూసి, ఒకరోజు బొగ్గుముక్క తీసుకుని బండ మీద తెలుగు అక్షరం రాసింది.

"నీళ్ళు కాగేలోపు ఖాళీయే కదా పిన్నీ, దిద్దు" అంది.

"ఈ వయసులో నాకెందుకమ్మా?"

"బిడ్డను ఎత్తుకోవడం నాకు నేర్పావుగా. బదులు తీర్చుకోనీ."

అలా మూడు నెలల పాటు రోజుకో కాగు నీళ్ళు కాగేంత చదువు చదివాను. ఇప్పుడు మీరు చదువుతున్నది ఆ చదువే.

ఆమె రెండో కాన్పుకు కూడా నన్నే పిలిచింది. ఆ రోజుల్లో నా కూతురు కంప్లి నుంచి పుట్టింటికి వచ్చి ఉంది, నీళ్ళు అందించడానికి తోడు వచ్చింది. ఎనిమిదో నాటి స్నానం. స్నానం అయ్యాక పుచ్చుకోవలసిన గ్లాసును ఆ రోజు నేను ముందే పుచ్చుకున్నాను. ఒకటి కాదు. బిడ్డ నా కాళ్ళ మీంచి పక్కకు జారింది. కింద నల్లబండ. నా చేతులకు ఆ సంగతి తెలిసేలోపే నా కూతురు చెంబు పారేసి, వంగి, అరచేయి అడ్డం పెట్టి పట్టుకుంది. బిడ్డకు ఏమీ కాలేదు. గుక్కపెట్టి ఏడ్చింది, అంతే.

"ఈ కొత్త సబ్బు ఎంత జారుడో చూడమ్మా!" అన్నాను నేను.

క్యాంపు కోడలు బిడ్డను తీసుకుని లోపలికి వెళ్ళింది. మర్నాడు, ఇక రానక్కరలేదని కబురు పంపింది. నేను మాత్రం ఊరంతా తిరిగి ఆ సబ్బును తిట్టాను. ఎంత బాగా తిట్టానంటే, రెండు మూడు ఇళ్ళలో దాన్ని కొనడమే మానేశారు.

ఇది జరిగిన రెండేళ్ళకు నా కూతురికి నెల తప్పింది. ఏడో నెలలో వచ్చి, మా వరండాలో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ మెల్లగా మొదలుపెట్టింది.

"కాన్పుకు ఈడికే వస్తా మా. కానీ నీళ్ళు నువ్వు పొయ్యొద్దు."

"నేను పొయ్యకుంటే ఎవరే పోసేది? ఊర్లో పిల్లోళ్ళందరికీ పోసిన చెయ్యి ఇది."

"ఊర్లో పిల్లోళ్ళు వేరే. వాళ్ళను నేను కనలేదు."

"ఆ సబ్బు కత ఇంకా మనసులో పెట్టుకోనుండావా?"

తను చేటలోంచి తలెత్తి నన్ను చూసింది. "సబ్బా మా?" అంది. అంతే. మళ్ళీ రాళ్ళు ఏరుకుంది. నేను లేచి, ఎండిన బట్టలను ఇంకోసారి ఆరవేశాను.

సాయంత్రం తనే షరతు చెప్పింది. "నలభై దినాలు. నువ్వు ముట్టకుండా నలభై దినాలు ఉంటే, నా బిడ్డను నా చేత్తో నీ కాళ్ళ మీద ఏస్తా. లేదంటే కంప్లిలోనే కంటా. ఆడ ఒక అవ్వ ఉండాది, బాగా పోస్తాదంట."

ఆ కంప్లి అవ్వ సంగతి నాకు తెలుసు. బిడ్డకు నీళ్ళు పోయమంటే గేదెను కడిగినట్టు కడుగుతుంది. నా మనవడో మనవరాలో ఆమె కాళ్ళ మీద పడుకోవడమా! నలభై రోజులంటే ఎంత, ఒక బాలింత లెక్క. ఎంతమందిని దాటించాను, నన్ను నేను దాటించుకోలేనా? మా అల్లుడితో కలిసి తను కంప్లికి తిరిగి వెళ్ళింది. కొన్ని వారాలు 'రేపటి నుంచి' అనుకుంటూ గడిపాను. తొమ్మిదో నెల దగ్గరపడ్డాక, మంచి రోజని ఒక శుక్రవారం చూసుకుని, పూజ చేసి, ఒక్క దెబ్బకు ఆపేశాను. ఎవరినీ అడగలేదు. అడగడానికి నేనేమైనా తాగుబోతునా?

మొదటి రోజు గొప్పగా గడిచింది. రెండో రోజు సాయంత్రానికి నా ఒళ్ళు నన్ను పట్టుకుని నిలదీసింది. మెడ మీద, వీపు మీద చల్లటి చెమట. గుండె మిల్లు మోటారులా కొట్టుకుంటోంది. మూడో రోజు పొద్దున మా ఆయనకు మజ్జిగ ఇవ్వబోతే గ్లాసు, పళ్ళెం కలిసి తాళం వేశాయి. సగం మజ్జిగ నేలకు, సగం ఆయన పంచెకు.

"ఏమే, నున్నని రోడ్డు మీద గూడా ఎర్రబస్సు మాదిరి ఊగుతాండావు?" అన్నాడు.

"చలేస్తాంది."

బయట ఎండకు కాకులు కూడా అరవడం లేదు. ఆయన చొక్కా తొడుక్కుని నన్ను ఆసుపత్రికి నడిపించాడు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నా చేతులు చాపించి చూసింది, నాలుక చూసింది, నాడి చూసింది.

"ఎన్ని ఏళ్ళ నుంచి తాగుతాండావమ్మా?"

"అయ్యో, తాగను మేడమ్."

"సరే. ఎప్పుడు ఆపినావు?"

"శుక్రవారం" అని నాలుక కరుచుకున్నాను.

"దినానికి ఎంత?"

"చలికని... కొంచెం."

"కొంచెం అంటే?"

నా వెనక నిలబడిన మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "రెండు ప్యాకెట్లు మేడమ్. దినామూ. నా పేరు మీద."

ఆ గదిలో నల్లబండ ఉంటే దాని మీదికి జారిపోయేదాన్ని. ఆయనకు ఎన్నేళ్ళ నుంచి తెలుసో అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టింది. ఏళ్ళ తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపితే కొందరికి ఫిట్స్ వస్తాయట, లేనివి కనపడతాయట, ప్రాణం మీదికే రావచ్చట. ఆసుపత్రిలో చెప్పి, చూపించుకుని ఆపాలట.

"తాగుడు నీ నరాలను దినామూ కిందికి తొక్కుతాండె. అవి పైకి తన్నేది నేర్చుకున్యాయి. ఇప్పుడు తొక్కేది పోయింది, గొత్తాయ్తా, తెలిసిందా? నరాలకు ఆ సంగతి ఇంకా తెలీదు. తన్నుతానే ఉండాయి. వాటికి తెలిసే దాకా ఓర్చుకోవాల" అంది. మాత్రలు ఇచ్చింది. ఐదు రోజులు వచ్చి కనపడమంది. నీళ్ళు బాగా తాగమంది, అన్నం మానొద్దంది, ఏదైనా లేనిది కనిపిస్తే ఆ క్షణమే రమ్మంది.

లేనివేమీ కనపడలేదు. ఉన్నవే ఎక్కువగా కనపడ్డాయి. ముప్పై ఏళ్ళుగా మా ఇంటి పైకప్పుకు ఎన్ని దూలాలున్నాయో నాకు తెలియదు, ఆ వారంలో తెలిసింది. పదకొండు. ఒకదానికి పగులు ఉంది. నిద్ర అనేది నాకు రావడం మానేసింది. తెల్లవారుజామున కాస్త కన్ను అంటుకుంటే కలలు. కలలో నేను పోసిన బిడ్డలందరూ వరసగా పడుకుని ఉంటారు, నా చేతిలో చెంబు ఉంటుంది, చెంబులో ఏముందో నాకు తెలుసు. ఉలిక్కిపడి లేచి, నిజంగా పుచ్చుకోలేదు కదా అని నా నోరు నేనే వాసన చూసుకునేదాన్ని.

క్యాలెండరు వెనక వైపు రోజుకు ఒక వాక్యం రాద్దామని పెట్టుకున్నాను. ఆ మొదటి వారం రాత ఇప్పుడు తీసి చూస్తే, కోడి బురదలో నడిచి వెళ్ళినట్టుంది. నాలుగో రోజు ఏం రాశానో నాకే అర్థం కాలేదు. ఏడో రోజుది కొంచెం తెలుస్తోంది: 'బెల్లం.'

అవును, బెల్లం. ఎనిమిదో రోజుకల్లా నా నోరు తీపి కోసం కొట్టుకుంది. నాకు తీపంటే గిట్టదని ఊరంతా చెప్పుకున్న మనిషిని, అచ్చు బెల్లం సగం కొరుక్కుతిని మిగతా సగం కొంగున కట్టుకుని తిరిగాను. చీమలు పట్టాయి. పక్కింటి సీమంతంలో కూర్చుని పేరంటాళ్ళ మధ్య, అవి కుడుతుంటే ఎగిరెగిరి పడ్డాను. నేను తాగి ఉన్న రోజుల్లో ఎంత నిదానంగా కూర్చునేదాన్నో, కారణం తెలియకపోయినా, అందరూ గుర్తు చేసుకుని ఉంటారు.

బెల్లానికి మాటిమాటికీ వెళ్తుంటే అంగడామెకు అనుమానం వచ్చింది.

"ఏమక్కా, రెండు వేళ్ళు చూపిస్తలేవే? మీ ఆయప్ప మానేసినాడా?"

ఏం చెప్పను? "ఊ, మానేసినాడు" అన్నాను.

"ఎంత మంచిదాయె! ఇన్నాళ్ళకు దేవుడు నీ వైపు చూసినాడు."

రెండు రోజుల్లో ఊరంతా తెలిసిపోయింది. మిల్లు దగ్గర మా ఆయన భుజం తట్టారు. గుళ్ళో పూజారి ప్రత్యేకంగా రెండు అరటిపళ్ళు ఇచ్చాడు. ఆయన ఆ పళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు.

"అందురూ మెచ్చుకుంటాండారే. ముప్పై ఏండ్లలో నన్నెవురూ ఇంతగా మెచ్చుకోలేదు. మానేసేది ఇంత బాగుంటాదని తెలిసింటే ముందే తాగింటి."

"ఏమప్పా, నేను చెప్తాలే అందురికీ నిజం."

"ఇప్పుడే బేడ, వద్దు. పళ్ళు రానీ ఇంకా రెండు దినాలు."

పన్నెండో రోజుకు చెమటలు తగ్గాయి. చేతుల వణుకు బయటికి కనిపించడం లేదు. లోపల ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఊళ్ళో ఎవరి బిడ్డనైనా అడిగి చూసుకోవడానికి అది తూకంరాయి కాదు కదా. సంతలో మూడు కిలోల బూడిద గుమ్మడికాయ ఒకటి తెచ్చాను. సరిగ్గా బిడ్డంత. ఒంటికి బూడిద కూడా అప్పుడే పుట్టినవాళ్ళకు ఉండే తెల్లటి పూత లాగే ఉంది. స్నానాల గదిలో తలుపేసుకుని, పీట వేసుకుని, కాళ్ళు చాపి, గుమ్మడికాయను పడుకోబెట్టి ఆముదం రాశాను. అలవాటు కొద్దీ "లాలమ్మ లాల" అని కూడా అన్నాను. ఎడమచేయి కాయ కింద, కుడిచేత్తో చెంబు. చెంబు ఎత్తగానే ఎడమచేయి లోపల్నుంచి చిన్నగా, తీగ లాగినట్టు వణికింది. గుమ్మడికాయ కాళ్ళ మీంచి పక్కకు దొర్లి, బండ మీద పడి, రెండు చెక్కలైంది.

చప్పుడుకు మా ఆయన తలుపు తీశాడు. నన్ను చూశాడు, కాయను చూశాడు, గింజలను చూశాడు.

"సబ్బా?" అన్నాడు.

గదిలో సబ్బు లేదు. ఆ రోజు నేను సబ్బు పెట్టనే లేదు.

నాకు నవ్వు రావాల్సింది. ఆయనకూ నవ్వు రావాల్సింది. కానీ ఇద్దరమూ వంగి ఆ రెండు చెక్కలనూ, చెదిరిన గింజలనూ ఏరాం. ఆ తర్వాత మూడు రోజులు మా ఇంట్లో గుమ్మడికాయ మజ్జిగపులుసే. నేను ఒక్క ముద్ద కూడా తిన్నట్టు గుర్తు లేదు.

రెండు వారాలు దాటాక ఒళ్ళు మెల్లమెల్లగా దారికొచ్చింది. మొదట తిరిగి వచ్చింది ముక్కు. ఒకరోజు బస్టాండు పక్కన నడుస్తుంటే బొరుగుల ఒగ్గరాణి తిరగమోత, మిరపకాయ బజ్జీల వాసన నన్ను నిలబెట్టేసింది. ఎన్నేళ్ళుగా ఆ హోటలు అక్కడే ఉంది, నేను అదే దారిన పోతున్నాను. ఆ సంబరంలో ఇంటికొచ్చి నా దిండు వాసన కూడా చూశాను. అది చూడకుండా ఉండాల్సింది. పుల్లగా, నానిన గోనెసంచిలా ఉంది. ఇంట్లో బట్టలన్నీ ఉడకబెట్టి ఉతికాను. ఇన్నేళ్ళు ఆ వాసన పక్కన పడుకున్న మనిషి ఒక్క మాట అనలేదు.

తర్వాత ఆకలి వచ్చింది. తర్వాత నిద్ర వచ్చింది, అదీ మధ్యలో తెగకుండా. ముఖంలో ఉబ్బు తగ్గి, చెంప ఎముకలు బయటపడ్డాయి. "చిక్కినావేమే, చక్కెర జబ్బా?" అని అడిగారు. చివరికి, అందరికంటే ఆలస్యంగా, మోకాళ్ళు వచ్చాయి. నా మోకాళ్ళు నొప్పి పెడతాయన్న సంగతి నాకు తెలియదు. బహుశా పదేళ్ళుగా నొప్పి పెడుతూనే ఉన్నాయి, నేను రోజూ సాయంత్రం వాటి నోరు మూస్తూ వచ్చాను. ఇప్పుడవి పదేళ్ళ మాటలూ ఒకేసారి చెప్పుకోవడం మొదలుపెట్టాయి.

ఇరవయ్యో రోజు ఇంకో గుమ్మడికాయ తెచ్చాను. అది జారలేదు. ఇరవై ఐదో రోజూ జారలేదు. దాన్ని వండడానికి మనసు రాక గుమ్మానికి వేలాడదీశాను.

అప్పటికి మా అల్లుడు నా కూతుర్ని తెచ్చి దించి వెళ్ళాడు. ముప్పై ఒకటో రోజు సిరుగుప్ప ఆసుపత్రిలో తనకు ఆడపిల్ల పుట్టింది. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడవండి చాలు, నీళ్ళు పోయొద్దని నర్సమ్మ చెప్పి పంపింది. బొడ్డు పది రోజులకు ఊడింది. అంటే నాకు నలభై ఒకటో రోజు. నలభై నిండిపోయాయి. నా కూతురు పెట్టిన షరతు తీరిపోయింది. ఆ సంగతి తనకు తెలుసు, నాకు తెలుసు, నా ఒంటికి ఇంకా బాగా తెలుసు.

ఆ పొద్దున్నే కంప్లి నుంచి మా వియ్యపురాలు దిగింది. నెయ్యి, వెల్లుల్లి, ఎండుకొబ్బరి, వాటితోపాటు పాత చీరలో చుట్టిన సీసా. స్నానాల గది దగ్గర నేను పీట వేసుకుంటుంటే, ఆచారం తప్పకుండా చిన్న గ్లాసులో పోసి తెచ్చింది.

"ఇంద వదినా. నీళ్ళల్లో ఉండేదానివి, చలి పట్టుకుంటాది."

అది అసహ్యంగా వాసన వేసిందని రాయాలని ఉంది. అలా రాస్తే మంచి పుస్తకం లాగా ఉంటుంది. కానీ కొత్తగా వచ్చిన ముక్కుకు అది చాలా బాగుంది. నోట్లో నీళ్ళు ఊరాయి. నా కుడిచేయి నన్ను అడగకుండా సగం దూరం వెళ్ళింది కూడా. గుమ్మంలో బిడ్డను ఎత్తుకుని నా కూతురు నిలబడి ఉంది. వద్దనలేదు. అనడానికి తన దగ్గర షరతు మిగల్లేదు. బిడ్డను మాత్రం ఒక చేతిలోంచి రెండు చేతుల్లోకి మార్చుకుని, గుండెకు ఇంకొంచెం దగ్గరగా పట్టుకుంది.

"బేడ వదినా" అన్నాను. చేయి వెనక్కి లాక్కున్నాను.

"ఏంది బేడ? తల్లికన్నా ఒక చెంచా పోస్తా ఉండు."

"తల్లికీ వద్దు. పాలల్లో దిగుతాదంట. బిడ్డకైతే అసలే ముట్టించొద్దు, డాక్టరమ్మ చెప్పింది."

ఆమె నడుం మీద చేయి పెట్టుకుంది. ఆమె పెద్ద కోడలు మా ఊరి పిల్లే, ఆ కాన్పుకు కూడా నీళ్ళు పోసింది నేనే. "ఇదేంది వదినా కొత్తగా? మా పెద్ద కోడలికి నువ్వే కదా, బాలింతకు బాగా పట్టింది అని రెండు సీసాలు తెప్పిస్తివి?"

"అవి నేనే తాగినా."

వరండాలో మా ఆయనకు దగ్గు వచ్చింది. చాలాసేపు ఆగలేదు.

"రెండూనా?" అంది వియ్యపురాలు.

"ఒకటిన్నర. మీ కోడలికి ఒక పది చెంచాలు పోయింటాయి."

"ఒకటిన్నర!" అని ఆమె గ్లాసును, నన్ను మార్చి మార్చి చూసి, "మీ ఆయప్ప కదా తాగేది?" అంది.

"ఆయప్ప టీ గూడా తాగడు."

ఆమె గ్లాసు తీసుకుని గోడ గూట్లో పెట్టి, పక్కకు నిలబడింది. నేను పీట మీద కూర్చుని కాళ్ళు చాపాను. మోకాళ్ళు కటకటలాడాయి. చేతులు చూసుకున్నాను. వణకడం లేదు. అయినా నా కూతురు గుమ్మం దాటి రాలేదు. బిడ్డను పట్టుకుని అక్కడే ఉంది. కాగులో కాగి, చన్నీళ్ళు కలిపిన నీళ్ళు మళ్ళీ చల్లారిపోతున్నాయి.

నా కూతురు నిజంగా అడిగింది నలభై రోజులు కాదని నాకు అప్పుడు తట్టింది.

"ఆ పొద్దు క్యాంపులో" అన్నాను, "సబ్బు కాదే."

"తెలుసు మా. ఆ పొద్దే తెలుసు." తను లోపలికి వచ్చి వంగింది. "కాళ్ళు దగ్గిరికి పెట్టు. సందు ఉండాది."

బిడ్డ నా కాళ్ళ మీదికి వచ్చింది. గుమ్మడికాయ కంటే తేలిక. మాడు మీద ఆముదం పెట్టడానికి వంగితే, పసిబిడ్డ తల వాసన నా ముక్కుకు తగిలింది. ఎంతమంది తలలకు నూనె పెట్టానో లెక్క లేదు. ఆ వాసన ఎలా ఉంటుందో ఎప్పుడో మరిచిపోయాను. మరిచిపోయానన్న సంగతి కూడా తెలియకుండా మరిచిపోయాను. నా ఎడమచేయి బిడ్డ రొమ్ము కింద బండలా ఉంది. మొదటి చెంబు నీళ్ళకు బిడ్డ ఉలిక్కిపడి అరిచింది, రెండో చెంబుకు ఆవలించింది. నా కూతురు పక్కన గొంతుకూర్చుని, అరచేయి నా కాళ్ళ పక్కన, బండ మీద పరిచి పెట్టింది. ఆ చేయి తియ్యమని నేను అనలేదు. తనూ చివరిదాకా తియ్యలేదు.

స్నానం అయ్యింది. బిడ్డను చుట్టి సాంబ్రాణి పొగకు తీసుకెళ్ళారు. నేను లేవబోయాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు. రెండోసారి ప్రయత్నించాను. పీట లేచింది, నేను లేవలేదు.

"ఏమప్పా!" అని కేకేశాను. "వచ్చి లేపు."

ఆయన వచ్చి నా చంకల కింద చేతులు వేశాడు, మిల్లులో మూటను ఎత్తినట్టు. లేపుతూ గూట్లో గ్లాసు వైపు చూశాడు. వియ్యపురాలు కూడా అటే చూసింది.

"ఈ మోకాళ్ళకు రాస్తే పనిచేస్తాదంటారు" అంది ఆమె.

"ఈమె చేతికిస్తే మోకాళ్ళ దాకా పోదు అక్కా" అన్నాడు మా ఆయన. గ్లాసు తీసి మోరీలో ఒంపేశాడు.

నలభై ఒకటో రోజు క్యాలెండరు వెనక నేను ఏమీ రాయలేదు. వేరే కాగితం తీసుకుని క్యాంపు కోడలికి ఉత్తరం మొదలుపెట్టాను. మొదటి వాక్యం సబ్బు గురించి. చేయి వణకలేదు గానీ అది రాయడానికి ఒక కాగు నీళ్ళు కాగేంత సేపు పట్టింది.